అంటు కట్టే చేతికి గట్టి ఉక్కు మడత చాకు: రెండు వానాకాలాలు వాడాక

ఈ చాకు నా దగ్గరికొచ్చి రెండు వానాకాలాలు దాటింది. నర్సరీ పుస్తకం తీసి లెక్క చూసుకుంటే ఇప్పటికి దీంతో 11 వేల పైచిలుకు జీడిమామిడి అంట్లు కట్టాను. మామిడివి ఇంకా కలపలేదు. ఒక్కో అంటుకి తక్కువలో తక్కువ నాలుగు కోతలు. కాబట్టి డబ్బా విప్పిన రోజే మోజులో రాసిపారేసిన రివ్యూ కాదిది. ఈలోగా చాకు మొన ఒకసారి విరిగింది, అలుగు మీద ఒకసారి తుప్పు మచ్చలొచ్చాయి, చలికాలంలో ఒకరోజు తెరుచుకోనని మొండికేసింది, పిడి మార్పించాను, ఆ కొత్త పిడీ కాస్త వంకర తిరిగింది. అన్నీ చెబుతాను.

మా నర్సరీ పర్లాకిమిడి ఊరి చివర. ఇటు ఒడిశా, అటు నాలుగడుగులేస్తే పాతపట్నం. మొక్కలు కొనడానికి వచ్చేవాళ్లలో సగం మంది తెలుగులో బేరమాడతారు, సగం మంది ఒడియాలో. కొండ దిగొచ్చే సవర రైతులైతే వాళ్ల భాషలో ధర తేల్చుకుని మన భాషలో చెబుతారు. టెక్కలి, పలాస వైపు నుంచి కూడా వస్తారు. ఎక్కువగా అడిగేది జీడి అంట్లే. బాపట్ల పరిశోధన కేంద్రం వాళ్ల బీపీపీ-8 జీడి రకం కావాలని పేరు పెట్టి మరీ అడుగుతారు.

అంటు ఎలా కడతారో తెలియనివాళ్లకి రెండు ముక్కలు చెప్పాలి, లేకపోతే చాకు గురించి నా గోలంతా అతిగా అనిపిస్తుంది. గింజ నుంచి పెంచిన రెండు నెలల మొక్కని మేం వేరుమొక్క అంటాం. దాని తల కోసేస్తాం. ఆ కోత నడిమధ్యలో నిలువునా 5, 6 సెంటీమీటర్ల చీలిక పెడతాం. తల్లిచెట్టు నుంచి తెచ్చిన పుల్లని మేం సయాన్ అంటాం. దాని అడుగుని రెండు పక్కలా చెక్కి, ఉలి మొనలా సన్నం చేసి, ఆ చీలికలో దింపి, పాలిథిన్ పట్టీ బిగించి చుడతాం. పైన ఐస్ పుల్లల కవరు టోపీ పెడతాం. పుల్ల చెక్కిన ముఖం నున్నగా, ఒక్క ఊపులో కోసినట్టు ఉండాలి. అప్పుడే తొక్క కిందున్న పచ్చపొర ఇటుది అటు దానికి ఆనుతుంది. గరుకుగా ఉంటే మధ్యలో సందు మిగిలిపోతుంది, తడి చేరి కుళ్లుతుంది. మూడు వారాలకి చిగురు రావాల్సిన చోట నల్లపుల్ల నిలబడి మనల్ని వెక్కిరిస్తుంది.

చాకు మొద్దుబారిందని నాకు కంటి కంటే ముందు చెవి చెబుతుంది. పదునున్న అలుగు పుల్లలోంచి పోతుంటే చప్పుడు దాదాపు ఉండదు, పట్టుచీర మడత విప్పినట్టు ‘సుయ్’ మంటుంది, అంతే. మొద్దుబారగానే ‘గరగర’ మొదలవుతుంది. తొక్క అంచున పోగులు లేస్తాయి. ఆ పోగులు కనపడేసరికే అప్పటికి కట్టిన ఓ పది అంట్ల మీద అనుమానం వచ్చేస్తుంది నాకు.

ఇంతకుముందు వాడింది మా మావయ్యగారి చాకు. లారీ కమాను పట్టీ ముక్కతో ఊళ్లో కమ్మరి చేసిచ్చింది. మడత చాకు కాదు, గుడ్డ చుట్టి రొంట్లో దోపుకునే రకం. దాన్ని తక్కువ చేసి మాట్లాడను. ఇరవై ఏళ్ల పైన ఈ నర్సరీని పోషించింది అదే. కానీ మెత్తని ఉక్కు. యాభై, అరవై అంట్లు కట్టగానే లేచి వెళ్లి నూతి గట్టు రాయి మీద నాలుగు రుద్దులు రుద్దుకుని రావాలి. వానలో తడుస్తూ అటూ ఇటూ తిరగడంతోనే పొద్దు గడిచిపోయేది. జీడి పుల్ల పసరుకి అలుగు నల్లగా మాడినట్టు అయ్యేది.

దాని ప్రాణం తీసింది మాత్రం సాన యంత్రం. మూడేళ్ల కిందట ఒక ఆగస్టులో చేతినిండా ఆర్డర్లున్నాయి, రాయి మీద రుద్దే ఓపిక లేదు. సంతలో కరెంటు చక్రం మీద సానపట్టే మనిషికి ఇచ్చాను. నిప్పురవ్వలు బాగా లేచాయి, చూడ్డానికి పండగలా ఉంది. రెండు నిమిషాల్లో వెంట్రుక తెగేంత పదును పెట్టి ఇచ్చాడు. ఇంటికొచ్చి చూస్తే మొన దగ్గర అంచు పొడవునా నెమలి మెడలా నీలం రంగు. అది అందమనుకున్నాను! మర్నాడు ఇరవై అంట్లకే ఆ మేర మొద్దుబారింది. మళ్లీ రుద్దాను, మళ్లీ ఇరవై. తర్వాత తెలిసింది, ఉక్కు నీలం తిరిగిందంటే దాదాపు 300 డిగ్రీల వేడి తగిలిందని. కమ్మరి ఎర్రగా కాల్చి, ముంచి, మళ్లీ కొద్దిగా కాచి తెచ్చిన గట్టిదనం ఆ వేడికి దిగిపోతుంది. నీలం మేర అంతా అరగదీస్తే తప్ప కింద ఉన్న మంచి ఉక్కు రాదు. అరగదీశాను. చాకు పెన్సిలంత అయింది.

అప్పుడు మొదలైంది కొత్త చాకు వేట.

విశాఖలో ఉన్న మా మేనల్లుడు రోజుకో లింకు పంపేవాడు. ‘అత్తా, ఇది చూడు, దీని గట్టిదనం 60 అంట’ అని ఒకటి, ‘ఇది 64 అంట’ అని ఇంకోటి. ఏమిటా 60, ఏమిటా 64 అని నాకు చిరాకొచ్చింది. అది రాక్‌వెల్ అనే కొలత. వజ్రపు మొనని 150 కిలోల బరువుతో ఉక్కు మీద నొక్కి, ఎంత లోతు దిగిందో చూసి అంకె వేస్తారు. తక్కువ దిగితే ఎక్కువ అంకె. స్విట్జర్లాండ్ విక్టోరినాక్స్ వాళ్ల ఎర్ర జేబు చాకులు 56 దగ్గర ఉంటాయి. కావాలనే అలా ఉంచుతారు, ఎవరైనా ఎక్కడైనా మామూలు రాయి మీద పదును పెట్టుకోవచ్చని. జపాన్‌లో జెడ్‌డీపీ-189 అని ఒక ఉక్కుంది, అది 64 నుంచి 66 దాకా పోతుంది.

మరి 66 కొనేస్తే పోలా? నేనూ అదే అనుకున్నాను. గట్టిదనం పెరిగేకొద్దీ పెళుసుతనం కూడా వెంటే వస్తుంది. మెత్తని చాకుని ఒకపక్కకి తిప్పితే అంచు మడత పడుతుంది, నాలుగు రుద్దులకి లేచి నిలబడుతుంది. గట్టి చాకు మడత పడదు, పెచ్చు ఊడుతుంది. ఊడిన పెచ్చుని వెనక్కి తేలేం, మిగతా అంచంతా దాని లోతుకి అరగదీయాల్సిందే. దేంతో అరగదీస్తాం? అసలు అడగాల్సిన ప్రశ్న ఇదే. కొనేవాళ్లెవరూ అడగరు, అమ్మేవాళ్లెవరూ చెప్పరు. మా మేనల్లుడు 64, 65 అని లింకులు పంపుతుంటే నేను ఒకటే అడిగాను: ‘ఒరే, పర్లాకిమిడిలో దీనికి సానరాయి ఏది?’ వాడి దగ్గర జవాబు లేదు.

చివరికి డీ2 అనే ఉక్కు దగ్గర ఆగాను. ఇది మొదట చాకుల కోసం పుట్టింది కాదు. ఫ్యాక్టరీల్లో ఇనప రేకులు కత్తిరించే అచ్చులకి వాడే ఉక్కు. ఇందులో కార్బన్ ఒకటిన్నర శాతం దాకా, క్రోమియం 12 శాతం దాకా ఉంటాయి. ఆ రెండూ కలిసి ఉక్కు లోపల రాళ్లలాంటి గట్టి గింజలు కడతాయి. సిమెంటులో చిప్స్ కలిసినట్టు అనుకోండి. అరుగుదలని ఆపేది ఆ గింజలే. చాకుల్లో దీన్ని 58 నుంచి 61 మధ్య ఉంచుతారు. చాలా కంపెనీలు చేస్తున్నాయి కాబట్టి ధర కూడా అందుబాటులోనే ఉంటుంది. నాది 2,400 రూపాయలు పడింది. కంపెనీ పేరు రాయను. అచ్చు ఇలాంటి చాకే నాలుగైదు పేర్లతో అమ్ముతున్నారు, పేరు చూసి కొంటే ఒరిగేదేమీ లేదు.

చూడాల్సినవి వేరే ఉన్నాయి. అలుగు పొడవు నాది 3 అంగుళాలు, అంటుకి అంతకంటే అక్కర్లేదు. వీపు మందం ఎంతుందో చూడండి. చాలా జేబు చాకులు మూడున్నర, నాలుగు మిల్లీమీటర్ల వీపుతో వస్తాయి, అడవిలో కర్రలు నరకడానికి వెళ్తున్నట్టు. అలాంటిది సన్న పుల్లని కోయదు, చీలుస్తుంది. నాది రెండున్నర మిల్లీమీటర్లు. తెరిచాక తాళం పడాలి. నా చాకులో లోపలి రేకు ఒకటి పక్కకి జరిగి అలుగు మడమ కింద అడ్డం నిలబడుతుంది. తెరిచి, అలుగు వీపుని చెక్క బల్ల మీద మెల్లిగా రెండుసార్లు తట్టి చూడండి, మూసుకుంటే వెంటనే వాపసు పంపేయండి. ఎటూ ఊగకూడదు. మీట నొక్కితే టపీమని తెరుచుకునే స్ప్రింగు చాకుల జోలికి వెళ్లకండి. వాటిని చూస్తే పోలీసులకి పని చాకు గుర్తుకు రాదు, ఇంకేదో గుర్తుకొస్తుంది. ఎన్నికలప్పుడు సరిహద్దు చెక్‌పోస్టులో నా సంచీ తీసి చూశారు. అంటు కట్టే చాకని చెప్పి, పక్కనే ఉన్న పాలిథిన్ పట్టీలు, కట్ట కట్టిన సయాన్ పుల్లలు చూపించాను. ‘మా ఇంట్లో సపోటా కాయట్లేదమ్మా’ అని ఆ పోలీసాయనే మొదలెట్టాడు. పది నిమిషాలు సపోటా గురించి చెప్పి బయటపడ్డాను.

ఫ్రాన్స్ వాళ్ల ఒపినెల్ 8వ నంబరు కూడా మనసులో ఉండేది. సన్నటి అలుగు, చెక్క పిడి, మెడ దగ్గర తిప్పితే తాళం పడే ఉంగరం. 1890 నుంచి చేస్తున్న చాకు, ముచ్చటగా ఉంటుంది. చెక్క పిడి మా జూలై వానకి ఉబ్బుతుందని భయపడి వదిలేశాను. (ఆ తర్వాత నేను చేసిన పని చూస్తే ఈ మాటకి మీరే నవ్వుతారు, కింద చెబుతాను.)

నిజంగా డీ2యేనా అని ఇంట్లో తేల్చుకునే దారి లేదు. గట్టిదా కాదా అని మాత్రం చూడొచ్చు. మంచి ఆకురాయి తీసుకుని, అలుగు పిడిలోకి వెళ్లే చోట, వీపు మీద, కనపడని మూల ఒక్కసారి మెల్లిగా లాగండి. మావయ్యగారి చాకుని ఆకురాయి కరకరా కొరికింది. దీని మీద గాజు మీద లాగినట్టు జారింది, సన్న గీత ఒకటి పడిందంతే. అక్కడికి నా డబ్బు ఒడ్డున పడిందనుకున్నాను.

మొదటి వానాకాలం హాయిగా గడిచింది. పొద్దున 7కి కూర్చుంటే మధ్యాహ్నం అన్నానికి లేచేదాకా రాయి వైపు చూడలేదు. 60 అంట్లకి లేచేదాన్ని 250 దాకా కదలకుండా కట్టాను. మామూలు జేబు చాకులకి రెండు వైపులా వాలు ఉంటుంది. అసలైన అంటు చాకుకి ఒకవైపే వాలు, రెండోవైపు బల్లపరుపు. అందుకని మొదటి వారం చేతికి అలవాటు కుదరక చెక్కు కాస్త లోపలికి పోయేది. మణికట్టు ఒక పిసరు బయటికి వంచితే సరిపోతుందని పట్టుబడింది. ఈ ఒక్క విషయం వల్ల ఎవరైనా కొత్తగా పని నేర్చుకునేవాళ్లయితే ఇది కొనొద్దు, ఒకవైపు వాలున్న అంటు చాకే తీసుకోండి. నాకు మడత చాకు ఎందుకంటే నేను నర్సరీలోనే కూర్చోను. తోటల్లోకి వెళ్లి తల్లిచెట్ల ఆకులు గిల్లి, వారం పది రోజులాగి ఆ పుల్లలు కోసి తేవాలి. చెట్టెక్కినప్పుడు నడుము దగ్గర తెరిచిన చాకు ఉండకూడదు.

ఇక దెబ్బల సంగతి. మొదటిది మా ఆయన వల్ల. పెయింటు డబ్బా మూత రావట్లేదని, బల్ల మీద కనపడింది కదా అని, ఈ చాకు మొనతో మూత పైకి ఎత్తారు. మూత వచ్చింది. మొన రెండు మిల్లీమీటర్లు ఆ మూత అంచులోనే ఉండిపోయింది. మావయ్యగారి చాకైతే వంగేది, సుత్తితో కొట్టి సరిచేసేదాన్ని. ఇది పుల్ల ఐస్ విరిగినట్టు టక్కుమని విరిగింది. ‘ఇంత డబ్బు పోసి కొన్నావు, మూత కూడా తీయలేదే!’ అని పైగా నా మీదే. గట్టి ఉక్కు కోయడానికే, ఎత్తడానికీ తిప్పడానికీ కాదు. మందపాటి మామిడి వేరుమొక్కలో చీలిక పెట్టి, పుల్ల దింపడానికి అలుగుని అటూ ఇటూ మెలితిప్పి సందు చేసే అలవాటు నాకూ ఉండేది. అంచు మీద గోరు నిలబెట్టి లాగితే చిన్న చిన్న గంట్లు తగిలాయి. కంటికి కనపడనంత పెచ్చులు. అప్పటినుంచి సందు చేయడానికి వెదురు చీల వాడుతున్నాను. ఆ మాటకొస్తే వెదురు చీల మావయ్యగారూ వాడేవారు. ఎందుకో అప్పుడు అడగలేదు.

విరిగిన మొనని మళ్లీ తేవడానికి నూతి గట్టు మీద కూర్చున్నాను. పావుగంట రుద్దాను. చాకు అరగలేదు సరికదా, నున్నగా మెరుగు పెట్టినట్టు తళతళలాడింది. మామూలు రాళ్లలోని గట్టి పదార్థం కంటే ఈ ఉక్కు లోపలి గింజలే గట్టివి. రాయి చుట్టూ ఉన్న మెత్తని ఉక్కుని గోకుతుంది, గింజల దగ్గర జారిపోతుంది. హార్డ్‌వేర్ షాపుల్లో దొరికే సిమెంటు రంగు కార్బొరండం రాయి కోస్తుంది, కానీ కొన్నాళ్లకి మధ్యలో గుంట పడుతుంది, గుంట పడ్డ రాయి మీద అంచు తిన్నగా రాదు. అప్పుడు వజ్రపు పొడి అంటించిన పలక తెప్పించాను. ఒకవైపు 400, రెండోవైపు 1000 గరుకు (అంకె పెరిగేకొద్దీ సన్నం). 900 రూపాయలు. చాకు కొన్నరోజే కొనాల్సింది, ఆర్నెల్లు ఆలస్యం చేశాను. మొన తిరిగి తేవడానికి మూడు సాయంత్రాలు పట్టింది. మొన వైపు కాకుండా వీపు వైపు నుంచి కిందికి అరగదీస్తే పాత అంచు చెడకుండా కొత్త మొన వస్తుంది.

ఇప్పుడు నా పద్ధతి ఇది. వాలు మీద నల్ల మార్కర్ పెన్నుతో రంగు పూస్తాను. పలక మీద రెండు చుక్కల సబ్బునీళ్లు వేసి, అలుగుని ఆనించి, ఒక్కసారి లాగి చూస్తాను. రంగు కింది అంచు దగ్గర మాత్రమే పోతే చెయ్యి ఎక్కువ ఎత్తాను, పైన మాత్రమే పోతే తక్కువ ఎత్తాను, అంతా పోతే సరిగ్గా పట్టుకున్నాను. వైపుకి 18 డిగ్రీలని కాగితాల్లో రాస్తారు, నేను కొలవను. వీపు కింద రూపాయి బిళ్లలు రెండు దొంతి పెడితే నా అలుగు వెడల్పుకి సరిపోతోంది. నొక్కకూడదు, పలకే కోసుకుంటుంది. ఒకవైపు కొన్ని లాగుళ్లయ్యాక అవతలి వైపు అంచున వేలు అడ్డంగా, బయటికి లాగి చూస్తే సన్నటి రేకు లేచి గీసుకుంటుంది. మొదటి నుంచి చివరిదాకా ఆ రేకు తగిలితేనే వైపు మార్చాలి. చాలామందికి పదును నిలవకపోవడానికి కారణం ఇక్కడే ఉంది. రేకు లేవకుండానే ఆపేస్తారు, లేదా లేచిన రేకుని తీయకుండా అదే పదును అనుకుంటారు. పది కోతల్లో అది మడతపడి పోతుంది. రెండు వైపులా అయ్యాక మా ఆయన పాత తోలు బెల్టుని బల్లకి మేకులు కొట్టి పెట్టాను, దాని మీద వెనక్కి వెనక్కి ఇరవై లాగుళ్లు. దినపత్రిక కాగితం అంచు పట్టుకుని కోస్తే చప్పుడు లేకుండా దిగాలి. ముంజేతి మీద వెంట్రుకలు గీసి చూసే సరదా మా మేనల్లుడిది, నాది కాదు.

సీజన్లో రోజూ రాత్రి బెల్టు, నాలుగు రోజులకోసారి 1000 వైపు. 400 వైపు ఏడాదికి ఒకటి రెండుసార్లే.

తుప్పు గురించి విడిగా చెప్పాలి, ఎందుకంటే అమ్మేవాళ్లు ఇక్కడ సగమే చెబుతారు. డీ2 పూర్తి స్టెయిన్‌లెస్ కాదు. అందులో క్రోమియం బాగానే ఉన్నా సగం దాకా ఆ గట్టి గింజల్లో చిక్కుకుపోతుంది, తుప్పుని ఆపడానికి బయట మిగిలేది తక్కువ. మావయ్యగారి చాకంత తొందరగా పట్టదు, అలాగని వదిలేస్తే ఊరుకోదు. నా చేతిలో ఇది ఎలా జరిగిందంటే, ఒక తల్లిచెట్టు నుంచి ఇంకో చెట్టుకి మారేటప్పుడు రోగం అంటుకోకూడదని అలుగుని స్పిరిట్ దూదితో తుడుస్తాను. స్పిరిట్ మురికితో పాటు నూనెనీ తీసుకుపోతుంది. ఆ రోజు వాన, పని ముగించి చాకుని అలాగే తోలు సంచీలో పెట్టేశాను. తోలు తడిని పట్టుకుని ఉంచుతుంది. రెండు రోజుల తర్వాత తీస్తే అలుగు మీద పసుపు నీళ్లు చిలకరించినట్టు మచ్చలు. సబ్బు, పాత టూత్ బ్రష్, కొంచెం వంటసోడా ముద్దతో రుద్దితే చాలావరకు పోయాయి, రెండు చోట్ల చీమ తల అంత గుంటలు మిగిలాయి. తోలు సంచీని ఆ రోజే వదిలేశాను. గోపాల్‌పూర్ వైపు సముద్రం మీద పనిచేసేవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే, మీకు డీ2 వద్దు. ఉప్పుగాలికి పూర్తి స్టెయిన్‌లెస్సే మేలు, పదును కాస్త తక్కువ నిలిచినా.

పనస కాలంలో ఇంకో తంటా. మా వదిన పనసకాయ కోయడానికి ఈ చాకు అడిగింది. ‘ఇదేటి, ఇంత సన్నగుంది, తెగుతాదా?’ అంటూనే తీసుకుంది. తెగింది, కానీ జిగురు మడతలోకి పోయి గట్టిపడింది. పనస జిగురుకి నీళ్లు పనిచేయవు, కొబ్బరి నూనె రాసి ఓ ఐదు నిమిషాలు ఆగి గుడ్డతో తుడిస్తే ఊడొస్తుంది. అంతవరకూ బాగానే చేశాను. నూనె మంచిదే కదా అని మడత కీలులో కూడా కొబ్బరి నూనె చుక్కలు వేసి వదిలేశాను. డిసెంబర్లో ఆర్. ఉదయగిరి వైపు తోట చూడ్డానికి పొద్దున్నే వెళ్లాం, మంచు, చలి. చాకు తెరవబోతే బొటనవేలు నొప్పెట్టిందే కానీ అలుగు కదల్లేదు. కొబ్బరి నూనె సీసాలో పేరుకున్నట్టే కీలులోనూ పేరుకుంది! రెండు అరచేతుల మధ్య పెట్టుకుని వెచ్చబెట్టి తెరిచాను. పక్కనున్న రైతు నేను దండం పెడుతున్నాననుకున్నాడు. ఇప్పుడు కీలుకి కుట్టుమిషన్ నూనె ఒక్క చుక్క, ఎక్కువైతే దుమ్ము పట్టి బురద అవుతుంది. అలుగు మీదకి కొబ్బరి నూనె పరవాలేదు, పల్చగా, పని అయ్యాక తుడిచేసేటట్టయితే.

చివరగా పిడి. దీంతో వచ్చింది నున్నటి ప్లాస్టిక్ లాంటి పిడి, తడి చేతిలో చేపలా జారేది. రెండుసార్లు చెయ్యి తప్పింది. పర్లాకిమిడిలో ఉండి కొమ్ము పనివాళ్లని వదిలి ఎక్కడికి పోతాం? కొంగలు, రొయ్యలు, దువ్వెనలు చేసే చేతులవి. ఒకాయన దగ్గరికి తీసుకెళ్తే చాకుని తిప్పి తిప్పి చూశాడు. ‘ఏటప్పా, కొంగలు చేసే కొమ్ముతో చాకు పిడా? సేద్దాం లే, తొందర పెట్టకు’ అన్నాడు. మూడు వారాలు తొందర పెట్టలేదు. పిడి రేకులని పట్టి ఉంచే స్క్రూలు నక్షత్రం ఆకారం తలవి, మామూలు స్క్రూడ్రైవర్ పెడితే తల చెడిపోతుంది. ఆ బిట్టు నేనే కొని తీసుకెళ్లాను. గేదె కొమ్ము ముక్కని మంట మీద తిప్పుతూ కాచి, మెత్తబడ్డాక రెండు చెక్కల మధ్య నొక్కి పలక చేశాడు. ఆకురాయి పట్టగానే వెంట్రుకలు కాలిన వాసన. కొమ్మూ, గోరూ, వెంట్రుకా ఒకటే సరుకు కదా. పాత రేకు పెట్టి గీత గీసి, కన్నాలు వేసి, వేలు ఆనే చోట నేను చెప్పకుండానే చిన్న గుంట చెక్కాడు. నేను అంటు కట్టేటప్పుడు చాకు ఎలా పట్టుకుంటానో చూపించమని మొదటి రోజే అడిగాడు, ఎందుకో అప్పుడు అర్థమైంది. మెరుగు మరీ ఎక్కువ పెట్టొద్దన్నాను, జారుతుందని. రెండు పక్కలకీ కలిపి 700 తీసుకున్నాడు. నలుపులో తేనె రంగు చార ఒకటి, ఎండలో పెడితే లోపలికి వెలుగు పోతుంది. తడిచేతికి ప్లాస్టిక్ కంటే నూరుపాళ్లు నయం.

చెక్క ఉబ్బుతుందని ఒపినెల్ వద్దనుకున్నదాన్ని, కొమ్ము కూడా తడికి కదులుతుందని ఆలోచించలేదు. ఈ సెప్టెంబర్ ముసుర్లలో ఎడమవైపు రేకు తోక దగ్గర వెంట్రుకవాసి పైకి లేచింది, స్క్రూ తల అరచేతికి తగులుతోంది. తప్పు ఆయనది కాదు, ముందే చెప్పాడు, వానకి కొమ్ము ఊపిరి తీసుకుంటుందని. నెలకోసారి నూనె పట్టించమన్నాడు. నేను రెండు నెలలు పట్టించలేదు.

కొనొచ్చా అని నన్నడిగితే, రోజూ వందల కోతలు కోసే పనుండి, రాత్రి ఐదు నిమిషాలు బెల్టు మీద లాగే ఓపిక ఉంటే కొనండి. చాకుతో పాటే వజ్రపు పలక ఖర్చు కలుపుకుని చూసుకోండి, 2,400 కాదు 3,300 అనుకోండి. పలక వద్దనుకుంటే 56 రకం మెత్తని స్టెయిన్‌లెస్ చాకు తీసుకుని మామూలు రాయితో సుఖపడండి, అందులో చిన్నతనమేమీ లేదు. మా వదినకి అదే కొనిపెట్టాను, పనసకాయకి. మా ఆయనకి పెయింటు డబ్బాల కోసం ఒక స్క్రూడ్రైవర్ కొన్నాను.

సోమవారం రాజవీధి వైపు పనుంది. నక్షత్రం బిట్టు సంచీలో వేసుకున్నాను, కొమ్ము ఆయన దగ్గర ఆగి ఆ తోక సరిచేయించుకోవాలి. పనిలో పనిగా వెదురు చీలకి బదులు కొమ్ము చీల ఒకటి చేసిస్తాడేమో అడగాలి, సన్నగా, నా బొటనవేలంత.